రంగుల గుట్టు విప్పిన శాస్త్రజ్ఞుడు - మిఖాయిల్ త్స్వెత్

విజ్ఞానశాస్త్ర చరిత్రలో మహనీయులు రెండు విధములుగా కనిపిస్తారు. కొందరి కీర్తి వారు జీవించి ఉండగానే నలుదిక్కులకు వ్యాపిస్తుంది. మరికొందరు తమ కాలమునకు తెలియకుండానే వచ్చి, తెలియకుండానే వెళ్ళిపోతారు. వారు మట్టిలో కలిసిన ఎన్నో ఏండ్లకు లోకము మేలుకొని, వారు నాటిన చెట్టు నీడలోనే తాను కూర్చున్నానని గుర్తిస్తుంది. ఈ రెండవ కోవకు చెందినవాడు రష్యను వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ సెమ్యోనోవిచ్ త్స్వెత్. నేడు ఔషధములను, ఆహారమును, నూనెలను, రక్తమును, త్రాగునీటిని పరీక్షించే ప్రయోగశాలలలో క్రొమటోగ్రఫీ అనే పద్ధతి నిత్యకృత్యము. ఆ పద్ధతికి ప్రాణము పోసి, పేరు పెట్టినవాడు త్స్వెత్. 47 ఏండ్ల వయస్సులో, యుద్ధము చేత చెదరిపోయిన దేశములో, వ్యాధిగ్రస్తుడై ఆయన కన్ను మూసినాడు.

ఇట్టివాని చరిత్రను మన కళాశాల సంచికలో చెప్పుకొనుటకు మిఠాయి మంచి మార్గము. పాతపట్నములో నీలమణి దుర్గమ్మ జాతర జరిగినా, ఈద్ పండుగ వచ్చినా పిల్లల చేతులలో కనిపించేవి రంగురంగుల తీపి వస్తువులే. గులాబీ రంగు పీచు మిఠాయి, పసుపుపచ్చని పంచదార చిలుకలు, ఎరుపు ఆకుపచ్చ పిప్పరమెంట్లు చూడగానే వారి కన్నులు మెరుస్తాయి. భాషాబోధకుడనైన నాకు ఈ తీపి మాటల చరిత్ర కూడ తీపిగానే తోస్తుంది. సంస్కృతములో ఖండమన్న మాటకు ముక్క అని, గడ్డకట్టిన చక్కెర అని అర్థములు. ఆ మాట పారసీక దేశము చేరి కంద్ అయినది. అరబ్బుల నోట నలిగి, వర్తకుల వెంట ఐరోపాకు పోయి, తుదకు ఇంగ్లీషులో క్యాండీ అయి మనకే తిరిగి వచ్చినది. మన కలకండలోను, ఉర్దూ కవులు తీయని మాటలకు ఉపమానముగా చెప్పే కంద్‌లోను ఆ పాత ఖండమే ఉన్నది.

మాట మూలమును వెదకినట్లే రంగు మూలమును కూడ వెదకవచ్చునా? ఆకుపచ్చని బిళ్ళలోని ఆకుపచ్చ ఒక్క రంగేనా, లేక పసుపు, నీలము కలిసిన మిశ్రమమా? కంటికి ఆ భేదము తెలియదు. నాలుకకు అసలే తెలియదు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పే ఉపాయమును కనిపెట్టిన త్స్వెత్ మిఠాయిలను గురించి ఆలోచించినవాడు కాదు. ఆయన ఆలోచించినది చెట్టు ఆకులోని పచ్చదనమును గురించి.

త్స్వెత్ 1872వ సంవత్సరము మే 14వ తేదీన ఇటలీ దేశములోని ఆస్తి అనే పట్టణములో జన్మించినాడు. తండ్రి రష్యను ప్రభుత్వోద్యోగి. తల్లి ఇటలీ దేశస్థురాలు. కుమారుని కన్న కొద్దికాలమునకే ఆమె మరణించినది. తల్లి ముఖము తెలియని ఆ బిడ్డ స్విట్జర్లాండులోని లొసాన్, జెనీవా నగరములలో పెరిగినాడు. బాల్యము నుండి ఆయన చదువు ఫ్రెంచి భాషలో సాగినది. పుట్టినది ఒక దేశము, పెరిగినది మరొక దేశము, తండ్రి దేశము వేరొకటి. ఈ మూడింటి నడుమ తనకొక స్థిరమైన చోటు వెదకుకొనుటయే ఆయన జీవితమంతా అయినది.

జెనీవా విశ్వవిద్యాలయములో వృక్షశాస్త్రమును అభ్యసించి, వృక్షకణములపై పరిశోధన చేసి, 1896లో డాక్టరేటు పట్టమును పొందినాడు. అదే సంవత్సరము రష్యా రాజధానియైన సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరినాడు. అక్కడ ఒక గట్టి దెబ్బ ఎదురైనది. విదేశపు డాక్టరేటును రష్యను విశ్వవిద్యాలయములు గుర్తించవు. ఆచార్యపదవి కావలెనన్నచో ఆ దేశపు పట్టమును మొదటినుండి సంపాదించవలసినదే. 24 ఏండ్లకే డాక్టరైన యువకుడు మరల విద్యార్థి అయినాడు. 1897 నుండి స్త్రీలకు వృక్షశాస్త్రము బోధిస్తూ, మరొక ప్రక్క పరిశోధన సాగిస్తూ, 1901లో కజాన్ విశ్వవిద్యాలయమునుండి మాస్టర్ పట్టమును పొందినాడు. జీవితములో ఐదు సంవత్సరములు ఆ విధముగా గడచినవి. కాని ఆ ఐదేండ్లు వ్యర్థములు కాలేదు. ఆకుపచ్చదనమును గూర్చిన ప్రశ్న ఆయన మనస్సులో గాఢముగా నాటుకొనినది ఆ కాలముననే.

తరువాత ఆయనకు వార్సా నగరములో ఉద్యోగము లభించినది. నేటి పోలండు రాజధానియైన ఆ నగరము అప్పుడు రష్యా సామ్రాజ్యములో ఉండినది. అక్కడి విశ్వవిద్యాలయములో ప్రయోగశాల సహాయకుడుగా చేరి, 1903 నాటికి సహాయాచార్యుడైనాడు. ఆ ప్రయోగశాలలోనే ఆయన జీవితమునకు సార్థకత చేకూరినది.

ఆయనను ఆలోచింపజేసిన విషయము చిన్నదే. పెట్రోలియం ఈథర్ అనే ద్రావణిలో ఆకులను నానవేసినప్పుడు పసుపు వర్ణముగల కెరోటిన్ సులభముగా దిగివచ్చుచున్నది, పత్రహరితము మాత్రము కదలుట లేదు. కొంచెము ఆల్కహాలు చేర్చగానే పత్రహరితము కూడ దిగివచ్చుచున్నది. పత్రహరితమునకు పెట్రోలియం ఈథర్‌లో కరిగే గుణము లేదా అంటే, ఆకునుండి వేరు చేసిన పత్రహరితము అదే ద్రవములో చక్కగా కరుగుచున్నది. మరి ఆకులో ఉన్నప్పుడు ఎందుకు కరుగదు? ఇతరులు తేలికగా తీసుకొన్న ఈ వింతను త్స్వెత్ వదలిపెట్టలేదు. ఆకులోని కణజాలము పత్రహరితమును తన ఉపరితలమునకు అంటిపెట్టుకొని ఉన్నదని, ఆ పట్టును విడిపించే శక్తి ఆల్కహాలుకు ఉన్నదని ఆయన ఊహించినాడు. ఒక పదార్థపు ఉపరితలము వేరొక పదార్థపు అణువులను ఇట్లు పట్టి ఉంచుటను రసాయనశాస్త్రములో అధిశోషణమంటారు. వడపోత కాగితము కూడ పత్రహరితమును అదే విధముగా పట్టి ఉంచుటను గమనించిన తరువాత ఆయనకు దారి దొరికినది. ఒక్కొక్క వర్ణపదార్థమును ఒక్కొక్క బలముతో పట్టుకొనే పొడి ఉన్నచో, ఆ బలముల భేదముచేతనే రంగులను వేరు చేయవచ్చును కదా!

ఇక పరీక్షలు ప్రారంభమైనవి. ఒకటి కాదు, రెండు కాదు, నూటికి పైగా పొడులను ఆయన పరీక్షించినాడు. వాటిలో ఎక్కువ అక్కరకు వచ్చినది మెత్తని సుద్దపొడి, అనగా కాల్షియం కార్బొనేటు. సన్నని గాజుగొట్టములో సుద్దపొడిని గట్టిగా కూరి, ఆకుల రసమును పైన పోసి, తరువాత కార్బన్ డైసల్ఫైడ్ వంటి శుద్ధద్రావణిని కొంచెము కొంచెముగా పోసినాడు. తెల్లని సుద్దస్తంభములో పచ్చని రసము దిగుచూ దిగుచూ విడిపోయినది. ఒకచోట పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ, మరియొకచోట నీలి ఛాయగల ఆకుపచ్చ, వేర్వేరు చోట్ల జాంథోఫిల్ అనే పసుపు వర్ణముల పట్టెలు, అన్నిటికంటె ముందుగా క్రిందికి జారిపోయిన కెరోటిన్, ఇవన్నియు వరుస తీరినవి. ఒక్క రంగుగా లోకము భావించిన పచ్చదనము ఒక కుటుంబమని తేలినది. పత్రహరితము రెండు విధములని ఈ గాజుగొట్టము కంటికి చూపినది.

ఈ విడిపోవుటలోని కిటుకును సంతకు పోయే మనుషులతో పోల్చి చెప్పవచ్చును. పదిమంది ఒకేసారి సంతవీధిలో ప్రవేశించినారనుకొందము. ప్రతి దుకాణము ముందు ఆగి బేరమాడేవాడు వీధి మొదటనే ఉండిపోతాడు. అక్కడక్కడ ఆగేవాడు నడివీధికి చేరుకొంటాడు. ఏ దుకాణము వంకా చూడనివాడు అందరికంటె ముందు ఆవలి కొసకు చేరుతాడు. సుద్దపొడి దుకాణముల వంటిది, ద్రావణి నడిపించే జనప్రవాహము వంటిది. ఏ రంగు సుద్దను ఎక్కువగా అంటుకొంటుందో అది వెనుకబడుతుంది. ఏది ద్రావణితో ఎక్కువ స్నేహము చేస్తుందో అది ముందుకు పోతుంది. ఇందులో రసాయనిక మార్పు ఏమియు లేదు. రంగు చెడదు, మారదు, కేవలము విడిపోతుంది. వేడిచేసి ఆవిరిగా మార్చి వేరుపరచే స్వేదనము జాబిర్ ఇబ్న్ హయ్యాన్ వంటి రసవాదుల పేర్లతో ముడివడి మధ్యయుగములనుండి ప్రసిద్ధము. కాని వేడి తగిలితే చెడిపోయే సుకుమార పదార్థములకు అది పనికిరాదు. త్స్వెత్ పద్ధతికి నిప్పే అక్కరలేదు.

1903 మార్చి 21న వార్సాలోని ప్రకృతిశాస్త్రజ్ఞుల సంఘములో ఆయన ఈ నూతన విషయముపై ఉపన్యసించినాడు. ఆ ఉపన్యాసము రష్యను భాషలో, ఆ సంఘపు కార్యకలాపముల సంపుటిలో అచ్చయినది. దానిని చదివినవారు బహుకొద్దిమంది. నాటి శాస్త్రలోకపు ప్రధానభాష జర్మను. అందుచేత 1906లో జర్మను వృక్షశాస్త్ర సంఘపు పత్రికలో రెండు వ్యాసములను ప్రచురించి, తన పద్ధతిని వివరముగా తెలిపినాడు. క్రొమటోగ్రఫీ అనే పేరు అందరికి తెలిసినది ఆ వ్యాసములలోనే. గ్రీకు భాషలో క్రోమా అనగా రంగు, గ్రాఫీన్ అనగా వ్రాయుట. రంగుల వ్రాత అని అర్థము. ఇందులో ఒక చమత్కారమున్నది. రష్యను భాషలో త్స్వెత్ అన్న మాటకు అర్థము కూడ రంగే. తన ఇంటిపేరును ఆయన గ్రీకు ముసుగులో ఈ విద్యకు పెట్టినాడా అనే ఊహ ఎందరికో కలిగినది. ఉర్దూలో రంగ్ అన్నా, తెలుగులో రంగు అన్నా, రష్యనులో త్స్వెత్ అన్నా ఒకటే కదా!

1907లో బెర్లిను వెళ్ళి జర్మను వృక్షశాస్త్రజ్ఞుల ఎదుట రంగుల పట్టెలతో నిండిన గాజుగొట్టములను ప్రదర్శించినాడు. ఆ సంవత్సరమే ఆయన వివాహము జరిగినది. 1910లో మొక్కలలోను జంతువులలోను ఉండే వర్ణపదార్థములను గురించి రష్యను భాషలో ఒక ఉద్గ్రంథమును వెలువరించినాడు. దానికి డాక్టరేటు పట్టమును, రష్యా శాస్త్ర అకాడమీ బహుమానమును లభించినవి.

కాని ఐరోపాలోని రసాయనశాస్త్రజ్ఞులు ఆయనను ఆదరించలేదు. ఆయన వృక్షశాస్త్రజ్ఞుడు, రసాయనశాస్త్రములో అతనికేమి అధికారమని కొందరి భావము. ఒక పదార్థమును స్ఫటికములుగా తీసి చేతిలో పెడితేనే అది శుద్ధమని నమ్మే కాలమది. గొట్టములోని రంగు పట్టెలు వారికి పిల్లల ఆటవలె కనిపించినవి. పోలిష్ రసాయనశాస్త్రజ్ఞుడు మార్ఖ్‌లెవ్‌స్కీ ఆయనతో తీవ్రముగా వాదించినాడు. పత్రహరితముపై పరిశోధనలకు 1915లో నోబెల్ బహుమతి పొందిన జర్మను పండితుడు విల్‌స్టాటర్, ఆయన శిష్యుడు ఈ పద్ధతిని ప్రయత్నించినారు. వారు వాడిన పొడి పత్రహరితమునే చెడగొట్టునంత తీవ్రమైనది కావుటచే ఫలితము రాలేదు. అంత పెద్దవారికే రానిది లోపభూయిష్టమని లోకము నిశ్చయించుకొనినది. పెద్దల మాటపై గౌరవము మంచిదే. స్వయముగా పరీక్షింపక వారి మాటనే ప్రమాణముగా తీసుకొనుట మాత్రము శాస్త్రమునకు ఎంత చేటు తెచ్చునో ఈ ఉదంతము తెలుపుచున్నది. దాదాపు 20 ఏండ్లు ఈ పద్ధతిని ఉపయోగించినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారే.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. త్స్వెత్ 1908 నుండి పనిచేయుచున్న వార్సా పాలిటెక్నిక్ సంస్థను 1915లో మాస్కోకు, తరువాత నీజ్నీ నోవ్‌గొరోద్‌కు తరలించినారు. సేకరించుకొన్న సామగ్రి, పుస్తకములు, సాగుచున్న పరిశోధన అన్నియు చెదరిపోయినవి. 1917లో నేటి ఎస్టోనియా దేశములోని తార్తు నగర విశ్వవిద్యాలయము ఆయనను వృక్షశాస్త్రాచార్యునిగా, ఉద్యానవనపు అధిపతిగా నియమించినది. జీవితమంతా ఎదురుచూచిన పదవి 45 ఏండ్లకు లభించినది. కాని ఆ సుఖము ఏడాది కూడ నిలువలేదు. 1918లో జర్మను సైన్యము ఆ నగరమును ఆక్రమించగా, విశ్వవిద్యాలయముతో పాటు ఆయన వొరోనెజ్ నగరమునకు వలసపోవలసి వచ్చినది. అప్పటికే ఆరోగ్యము పూర్తిగా క్షీణించినది. 1919 జూన్ 26న ఆయన మరణించినాడు. అంతకు ముందు సంవత్సరము హాలండు దేశపు శాస్త్రజ్ఞుడొకడు ఆయన పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించినాడు. 1918 సంవత్సరపు రసాయనశాస్త్ర బహుమతి ఫ్రిట్జ్ హేబర్‌కు లభించినది.

త్స్వెత్ కథ ఇక్కడ ముగిసినచో అది విషాదగాథ మాత్రమే అయి ఉండేది. కాని సత్యమునకు ఆయుష్షు ఎక్కువ. ఆయన గ్రంథమునకు జర్మను అనువాదపు వ్రాతప్రతి ఒకటి విల్‌స్టాటర్ వద్ద ఉండి, అక్కడినుండి హైడెల్‌బర్గ్ నగరములోని రిచర్డ్ కూన్ చేతికి వచ్చినది. కూన్ ప్రయోగశాలలో పనిచేయుచున్న యువకుడు ఎడ్గార్ లెడరర్ దానిని చదివి, త్స్వెత్ చెప్పినది చెప్పినట్లు చేసి చూచినాడు. 1931లో కూన్, వింటర్‌స్టైన్, లెడరర్ కలిసి, ఒక్కటే అనుకొన్న కెరోటిన్‌ను రెండు రూపములుగా విడదీసి చూపినారు. గ్రుడ్డులోని పచ్చసొన రంగును కూడ విశ్లేషించినారు. విమర్శకుని ఇంటనే భద్రముగా ఉండిన పుస్తకము పుస్తకకర్తకు పునర్జన్మనిచ్చినది. కూన్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించినది. 1941లో ఇంగ్లండులో మార్టిన్, సింజ్ అనే ఇరువురు ఈ విద్యను కొత్త దారి పట్టించినారు. 1944లో మార్టిన్, ఆయన సహచరులు గాజుగొట్టము స్థానములో వడపోత కాగితమును వాడి, కాగితపు క్రొమటోగ్రఫీని లోకమునకు అందించినారు. 1952లో మార్టిన్, సింజ్‌లకు నోబెల్ బహుమతి వచ్చినది.

ఈ సందర్భములో మన తెలుగువాడొకని స్మరింపక తప్పదు. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రకటించినాడు. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో, రసాయనములు చేర్చినప్పుడు కలిగే నీలిరంగు గాఢతను బట్టి లెక్కించే పద్ధతి అది. త్స్వెత్ రంగులను విడదీసినాడు. సుబ్బారావు రంగుతో కొలిచినాడు. ఆయన కూడ తగిన గౌరవమునకు నోచుకొనకయే 1948లో న్యూయార్కులో కన్ను మూసినాడు. గుర్తింపు రాలేదని పని ఆపిన వారిలో ఇరువురును లేరు.

ఇప్పుడు మిఠాయి వద్దకు తిరిగి వత్తము. త్స్వెత్ సుద్దస్తంభములో చేసినదానిని మన విద్యార్థులు గాజుగ్లాసులో చేయవచ్చును. ఆకుపచ్చ, గోధుమవర్ణము గల చక్కెరపూత బిళ్ళలను తీసుకొని, ఒక్కొక్కదానిపై రెండు మూడు చుక్కల నీరు వేసి పైరంగును కరిగించవలెను. వడపోత కాగితపు పట్టీపై అడుగునుండి 2 సెంటీమీటర్ల ఎత్తున పెన్సిలుతో గీత గీయవలెను. సిరాతో గీసినచో ఆ సిరాయే కరిగి పైకి పాకుతుంది. గీతపై రంగుచుక్కను పెట్టి, ఆరిన తరువాత దానిపైనే మరల పెట్టి, ఇట్లు నాలుగైదు మార్లు చేయవలెను. గ్లాసులో చిటికెడు ఉప్పు కలిపిన నీటిని 1 సెంటీమీటరు ఎత్తు మాత్రమే పోసి, చుక్క నీట మునగకుండ పట్టీని నిలువుగా వ్రేలాడదీయవలెను. నీరు కాగితము వెంట పైకి ప్రాకుతూ రంగులను వెంట తీసుకొనిపోతుంది. ఆకుపచ్చని చుక్కలో రెండు రంగులున్నచో పసుపు ఒకచోట, నీలము వేరొకచోట నిలుస్తవి. గోధుమరంగు ఇంకను విచిత్రముగా విడిపోవచ్చును. నీరు 8 సెంటీమీటర్లు ప్రాకినప్పుడు ఒక రంగు 6 సెంటీమీటర్లు పోయినచో, ఆ రంగు పోయిన నిష్పత్తి 0.75. ఒకే కాగితము, ఒకే ద్రావణి, ఒకే పరిస్థితులు ఉన్నంతవరకు ఆ సంఖ్య ఆ రంగుకు వ్రేలిముద్ర వంటిది.

ఇది వినోదము మాత్రమే కాదు. మన దేశములో ఆహారపదార్థములలో కలుపుటకు చట్టము అనుమతించిన కృత్రిమ వర్ణములు 8 మాత్రమే. టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, ఇండిగో కార్మిన్ వంటివి అందులోనివి. అవి కూడ నిర్ణీత పదార్థములలో, నిర్ణీత పరిమాణములోనే వాడవలెను. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టము స్థానములో 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టము వచ్చినది. అయినను బట్టలకు, కాగితములకు వేసే రంగులు చవకగా దొరుకుటచే మిఠాయిలలో చేరుచునే ఉన్నవి. జిలేబీలలో మెటానిల్ ఎల్లో, పీచు మిఠాయిలో రోడమిన్-బి అట్టివే. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము రోడమిన్-బి బయటపడిన కారణముగా పీచు మిఠాయి అమ్మకమును నిషేధించినది. ఇట్టి రంగులను పట్టుకొనుటకు పరీక్షకులు సాధారణముగా చేసేది ఇది: పదార్థములోని ఆమ్లవర్ణములను తెల్లని ఉన్నిదారమునకు పట్టించి, దానినుండి మరల అమ్మోనియా నీటిలోనికి దింపి, కాగితముపై చుక్క పెట్టి, ప్రక్కనే అనుమతి పొందిన రంగుల చుక్కలు పెట్టి, ఏది ఎంత ఎత్తుకు ప్రాకినదో పోల్చి చూచుట. నీటిపై ఆధారపడి బ్రతికే బీదవాని బిడ్డకు గాని, ధనికుని బిడ్డకు గాని ఆ మిఠాయి ఒకటే. బీదవాని బిడ్డకు ఎక్కువగా అందేది బండిమీది చవక మిఠాయే కావుటచే, ఈ పరీక్ష వలన ఎక్కువ మేలు పొందేది కూడ ఆ బిడ్డయే.

విద్యార్థులారా! త్స్వెత్ జీవితమునుండి మనము గ్రహింపవలసినవి కొన్ని ఉన్నవి. మన కళాశాలలో ఉర్దూలో ఆలోచించి తెలుగులో వ్రాసేవారున్నారు, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో పరీక్ష వ్రాసేవారున్నారు. మహేంద్రతనయ నదీతీరమున, ఒరియా మాట కూడ చెవిన పడే ఈ సరిహద్దు ఊరిలో భాషల మధ్య నడచుట మనకు అలవాటే. ఇటలీలో పుట్టి, ఫ్రెంచిలో చదివి, రష్యనులో బోధించి, జర్మనులో వ్రాసిన త్స్వెత్‌కు కూడ అదే అలవాటు. 1903లో ఒక భాషలో చెప్పినది లోకము వినలేదని ఆయన నిట్టూర్చి ఊరుకొనలేదు. 1906లో లోకము వినే భాషలో మరల చెప్పినాడు. మాతృభాషను విడువనక్కరలేదు, కాని చెప్పదలచినదానిని వినేవాని భాషలో చెప్పే శ్రమకు వెనుదీయరాదు.

రెండవది, పట్టము చెల్లదన్నప్పుడు ఆయన మరల చదివినాడు. పండితులు కాదన్నప్పుడు మరల గొట్టము నింపి చూపినాడు. 1992లో వొరోనెజ్ నగరములో ఆయనకు స్మారకశిల నిలిపినారు. మరణించిన 73 ఏండ్లకు వచ్చిన ఆ రాయి కంటె, ప్రపంచములోని ప్రయోగశాలలలో ప్రతిదినము జరుగుచున్న ఆయన ప్రయోగమే నిజమైన స్మారకము.

మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో వడపోత కాగితమునకు, సుద్దకు, గాజుగ్లాసులకు కొరత లేదు. ఈసారి జాతర నాడో, ఈద్ నాడో కొన్న రంగు మిఠాయిలలో ఒకదానిని తినక దాచి, దానిని ఆ కాగితముపై పరీక్షించి చూడుడు. మన ఊరి పిల్లల చేతిలోని తీపి వెనుక ఏ రంగులున్నవో మన కళాశాల విద్యార్థులే మొదట తెలిసికొనగలిగినచో, ఆ మహనీయుని శ్రమ పాతపట్నములో కూడ ఫలించినట్లే.